తాళం పడిన ఇంటికి పక్కిల్లు బదులు కాదు

ఫిబ్రవరిలో కర్నూలు జిల్లా పడమటి మండలాలకు సర్వే కోసం పోతే, కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం, మంత్రాలయం ఏ వైపు తిరిగినా తాళం వేసిన తలుపులు కనిపిస్తూనే ఉంటాయి. "సుగ్గికి పోయినారు" అంటారు పక్కింటివాళ్లు. గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయలు కోయడానికి ఇంటిల్లిపాదీ కదిలి ఉంటారు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, నీళ్లున్న భూమి ఉన్నవాళ్లు, నెలజీతం వచ్చేవాళ్లు. ఇరవై ఇళ్ల జాబితా పట్టుకుని వచ్చిన ఎన్యూమరేటరుకు అందులో ఆరు ఇళ్లు తాళాలే. సాయంత్రానికి ఇరవై ఫారాలు అప్‌లోడ్ కావాలి. ఫోన్ చేస్తే సూపర్‌వైజర్ చెప్పేది ఒకటే: "పక్కిల్లు తీసుకో."

మన జిల్లాల సర్వేలు ఎక్కువగా చెడిపోయేది ఈ ఒక్క మాట దగ్గరే. ప్రశ్నలు జాగ్రత్తగా రాయడం, ట్యాబ్‌లో తప్పులు పట్టే నిబంధనలు పెట్టడం, వచ్చిన డేటాను శుభ్రం చేయడం అన్నీ కావాల్సిన పనులే. కానీ అసలు ఫారంలోకే రాని మనిషిని ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చి పెట్టలేదు.

లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించినవే, తర్కం మాత్రం ఎక్కడైనా ఇంతే. ఒక మండలంలో 1000 ఇళ్లు శాంపిల్‌లో పడ్డాయి. 700 ఇళ్లలో మనుషులున్నారు, 300 ఇళ్లకు తాళాలు. బడి మానేసిన పిల్లలున్న ఇళ్లెన్ని అన్నది మనకు కావాల్సిన సంగతి. ఊళ్లో ఉన్న ఇళ్లలో అలాంటివి 10 శాతం, సుగ్గికి పోయిన ఇళ్లలో 60 శాతం ఉన్నాయనుకుందాం. అప్పుడు 700లో 70, 300లో 180, మొత్తం 250. అంటే అసలు జవాబు 25 శాతం. తాళం పడిన 300 ఇళ్లకు పక్కిళ్లు తీసుకుంటే వెయ్యి ఫారాలూ ఊళ్లో ఉన్నవాళ్లవే అవుతాయి. నివేదికలో 10 శాతం అని వస్తుంది, దాని పక్కన "రెండు శాతం లోపు అటూ ఇటూ" అని కూడా వేస్తారు. శాంపిల్ 4000కు పెంచితే ఆ అటూ ఇటూ ఒక శాతం లోపుకు దిగుతుంది. జవాబు మాత్రం అసలు దానికి పదిహేను శాతం దూరంలో అక్కడే నిలబడి ఉంటుంది. ఖర్చు నాలుగింతలు పెట్టి తప్పును ఇంకా ధీమాగా చెప్పినట్టవుతుంది.

దీనికి తోడు ఇంకో నష్టం ఉంది. బదులు తీసుకున్న ఇల్లు ఎక్కడా ఆనవాలు మిగల్చదు. ఫైలులో వెయ్యి వరుసలు నిండుగా ఉంటాయి. హైదరాబాదులోనో ఢిల్లీలోనో కూర్చుని విశ్లేషించేవాళ్లకు ఆ మూడు వందల తాళాల సంగతే తెలియదు, తెలియనిదాన్ని వాళ్లు సరిచేయలేరు.

తాళం కూడా ఒక జవాబే

తాళాలన్నీ ఒకటి కావు. పొలానికి పోయి సాయంత్రం వచ్చే ఇల్లు, సుగ్గికి పోయి కొన్ని నెలలకు వచ్చే ఇల్లు, బెంగళూరులో స్థిరపడి ఊరి జాతరకు మాత్రం వచ్చే ఇల్లు, ఎవరూ లేక పాడుబడిన ఇల్లు, మనుషులుండీ "మాకేం వద్దు పోండి" అన్న ఇల్లు, ఒక్కోదానికి ఒక్కో కోడ్ ఉండాలి. ఫారంలో "తాళం" అన్న ఒక్క గడి పెట్టి వదిలేస్తే ఇవన్నీ కలగలిసిపోతాయి. పాడుబడిన ఇల్లు శాంపిల్ లెక్కలోంచి తీసేయాల్సినది. సుగ్గికి పోయిన ఇల్లు ఏ పరిస్థితిలోనూ తీసేయకూడనిది.

కోడ్ వేయడానికి పక్కింట్లో ఐదు నిమిషాలు గడపాలి. "అక్కా, యాడికి పోయినారు వీళ్లు? ఎన్నాళ్లయింది పోయి? మళ్లీ ఎప్పటికొస్తారు? పిల్లోళ్లను తీసుకపోయినారా, అవ్వ దగ్గర ఇడిచినారా? ఏ మేస్త్రీ ఎంట పోయినారు?" మేస్త్రీ అంటే కూలీల గుంపును కుదుర్చుకుని తీసుకుపోయేవాడు. ఈ ఐదు ప్రశ్నలు ఇద్దరు పొరుగువాళ్లను విడివిడిగా అడగాలి. జవాబులు కలవకపోతే రెండూ రాసుకోవాలి, ఒకటి ఎంచుకోకూడదు. ఇలా వచ్చిన సమాచారం ముఖాముఖికి సాటి రాదు. అయినా పిల్లలు వెంట పోయారా లేదా అన్న ఒక్క సంగతే మొత్తం లెక్కను ఎంత సరిదిద్దగలదో పైన చూసిన అంకెలను బట్టే తెలుస్తుంది.

సాయంత్రం వచ్చే ఇంటికి మూడుసార్లు పోవాలన్న నియమం చాలా మాన్యువల్స్‌లో ఉంటుంది. అమలులో మూడుసార్లూ ఒకే రోజు పదకొండు గంటలకు, పన్నెండుకు, రెండుకు పోయి "మూడు ప్రయత్నాలు" అని రాస్తారు. కలుపు తీతల కాలంలో ఆ మూడు గంటలూ కూలికి పోయే ఇంట్లో ఎవరూ ఉండరు. ఒకసారి పొద్దున ఏడు లోపు, ఒకసారి రాత్రి ఏడు దాటాక, ఒకసారి ఊళ్లో సంత ఉన్న రోజో ఆదివారమో పోవాలి. ప్రతి ప్రయత్నానికి టైమూ జీపీఎస్ గుర్తూ ట్యాబ్ తనంతట తానే నమోదు చేసేలా పెట్టాలి, చేత్తో రాసే వీలు ఉండకూడదు.

సర్వే ఏ నెలలో పెట్టాలన్నది అన్నిటికన్నా పెద్ద నిర్ణయం, దాన్ని మాత్రం బడ్జెట్ సంవత్సరమే తేలుస్తోంది. మార్చి 31 లోపు నిధులు ఖర్చు కావాలి కాబట్టి జనవరి నుంచి మార్చి దాకా ఫీల్డ్ పని పెడతారు. పడమటి మండలాలు ఖాళీగా ఉండేది సరిగ్గా అప్పుడే. జూన్, జూలైలో విత్తనాల పనులకు ఊళ్లు నిండుతాయి. ఇళ్ల జాబితా అప్పుడు రాసుకుని, ప్రతి ఇంటి నుంచీ రెండు ఫోన్ నంబర్లు తీసుకోవాలి. ఒకటి ఇంటివాళ్లది, రెండోది సుగ్గికి పోని చుట్టానిది. సిమ్ములు మారిపోతుంటాయి కాబట్టి రెండో నంబరే తరచుగా పనికొస్తుంది. పీర్ల పండుగకు దూరం పోయినవాళ్లు కూడా ఊరు చేరతారు, కానీ అది ఏటా పదకొండు రోజుల దాకా ముందుకు జరుగుతుంది. పోయినేటి తేదీ పట్టుకుని ప్రణాళిక వేస్తే తప్పుతుంది.

ఎవరిని ఆ ఇంటి మనిషిగా లెక్కించాలి అన్నచోట కూడా వలసవాళ్లు జారిపోతారు. జాతీయ శాంపిల్ సర్వేల్లో ఒకచోట ఆరు నెలలు ఉన్నవాళ్లను, ఉండబోయేవాళ్లను అక్కడివాళ్లుగా తీసుకునే పద్ధతి ఉంది. 2007-08లో జరిగిన 64వ విడతలో, పని కోసం ఏడాదిలో నెల నుంచి ఆరు నెలల లోపు ఊరు విడిచినవాళ్లను స్వల్పకాల వలసగా లెక్కించారు. పత్తి తీతలతో బయల్దేరి మిరప కోతలు ముగిశాక తిరిగొచ్చే కుటుంబం ఈ ఆరు నెలల గీత మీద నిలబడి ఉంటుంది. నవంబరు మొదట్లో పోతే గీతకు ఒకవైపు, డిసెంబరులో పోతే ఇంకోవైపు. అందుకే గీతను ప్రశ్నలో పెట్టకూడదు. పోయిన తేదీ, వచ్చిన తేదీ, మధ్యలో పండక్కు వచ్చిపోయిన రోజులు విడిగా రాసుకుంటే, ఏ గీత కావాలో తర్వాత గీసుకోవచ్చు.

జనగణనకూ ఇదే చిక్కు. 2011లో ఇంటింటి లెక్కింపు ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు సాగింది, ఇల్లు లేనివాళ్లను 28 రాత్రి లెక్కించారు. ఆ రోజులన్నీ ఊళ్లో లేని కుటుంబాన్ని దొరికినచోటే లెక్కించాలి. పొలం గట్టున గుడారాల్లో ఉన్నవాళ్లను అక్కడి ఎన్యూమరేటర్ "వీళ్లు కర్నూలువాళ్లు కదా" అని వదిలేస్తే, ఇక్కడ తాళం, అక్కడ పరాయితనం, రెండు చోట్లా లేకుండా పోతారు. 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా ప్రకటించిన జనగణనలో లెక్కింపు మళ్లీ ఫిబ్రవరిలోనే. ఇటు కర్నూలు, అటు గుంటూరు, పల్నాడు యంత్రాంగాలు గుడారాల జాబితా ముందే ఇచ్చిపుచ్చుకుంటే తప్ప ఈ చిక్కు విడదు.

ఊరి జాబితా ఎవరిది

శాంపిల్ తీసే జాబితా ఎక్కడినుంచి వచ్చిందో చాలామంది అడగరు. బియ్యం కార్డుల జాబితా, ఓటర్ల జాబితా, గ్రామ సచివాలయం ఇళ్ల మ్యాపింగ్, మూడూ మూడు రకాలుగా వంగి ఉంటాయి. బియ్యం కార్డుకు ఆదాయం, భూమి, కరెంటు యూనిట్లు, నాలుగు చక్రాల బండి లాంటి అర్హతల జల్లెడ ఉంది. అందుకే కాగితం మీద కుటుంబాలు విడిపోతాయి. ఒకే పొయ్యి మీద వండుకు తినే ఇల్లు మూడు కార్డులుగా కనిపించవచ్చు. కార్డుల జాబితా నుంచి శాంపిల్ తీస్తే ఆ ఇంటికి మూడింతల అవకాశం వస్తుంది, కార్డే లేని ఒంటరి ఆడమనిషికి సున్నా. ఊరు నడిచి, ఒక్కో పొయ్యిని ఒక ఇల్లుగా రాసుకుంటూ కొత్త జాబితా చేసుకోవడం ఖర్చే, ఇద్దరికి ఊరికి ఒకటి రెండు రోజుల పని. కానీ అది మానేసి మిగతాదంతా బాగా చేసినా ఉపయోగం తక్కువ.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పటి నుంచి ఇంకో గందరగోళం చేరింది. 2011 జనగణన గ్రామాల జాబితాలో పాత కర్నూలు, పాత అనంతపురం, పాత కడప ఉన్నాయి. నల్లమల గూడేలు చాలా వరకు నంద్యాలలోకి పోయాయి, కదిరి, ధర్మవరం శ్రీ సత్యసాయిలోకి పోయాయి. పాత జాబితాతో శాంపిల్ తీసి కొత్త జిల్లా పేరుతో ఫలితం ప్రకటిస్తే వెయిట్లు, అంటే శాంపిల్‌లోని ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్ల తరఫున లెక్కలోకి వస్తుందన్న అంకెలు, తప్పుతాయి. పైగా ఆ జాబితాలో తాండాలు, గూడేలు, చెరువు గట్టున వెలిసిన కాలనీలు విడిగా ఉండవు, అన్నీ రెవెన్యూ గ్రామం పేరు కింద ఉంటాయి. ఎన్యూమరేటర్ పెద్ద ఊళ్లో మొదలుపెట్టి పెద్ద ఊళ్లోనే ముగిస్తాడు. నాలుగు కిలోమీటర్ల అవతలున్న సుగాలి తాండా కాగితం మీద శాంపిల్‌లో ఉన్నట్టే, పనిలో లేనట్టే.

కోతల దగ్గరికే పోవాలి

తాళం పడిన 300 ఇళ్లనూ వెదకడానికి ఎవరి దగ్గరా డబ్బుండదు. దానికి పాత దారి ఒకటుంది, 1946లో గణాంక శాస్త్రవేత్తలు హాన్సెన్, హర్విట్జ్ చూపించింది. జవాబు రాని ఇళ్లలోంచి లాటరీ వేసి ఐదింటికి ఒకటి, అంటే 60 ఇళ్లు తీసుకోవాలి. ఆ 60 ఇళ్ల కోసం ఎంత దూరమైనా పోవాలి. దొరికిన ప్రతి ఇంటికీ ఐదు ఇళ్ల వెయిటు. 300 బదులు ఇళ్లలో పెట్టే ఖర్చుతో ఈ 60 ఇళ్లను వెదకవచ్చు, వచ్చే జవాబు దానికన్నా ఎంతో నిజానికి దగ్గరగా ఉంటుంది. సులువుగా దొరికే 60 ఇళ్లు ఏరుకుంటే మాత్రం ఇదంతా వృథా, లాటరీ తప్పనిసరి.

వెదకడానికి దారి మేస్త్రీ. ఏ గుంపు ఏ ఊళ్లో ఎవరి చేలో దిగిందో అతనికే తెలుసు. చిక్కు కూడా అతనితోనే. అడ్వాన్సు ఇచ్చినవాడు అతనే కాబట్టి అతను పక్కన నిలబడి ఉంటే కూలి, అప్పు, పిల్లల పని గురించి ఒక్క నిజం బయటికి రాదు. ఇద్దరు ఎన్యూమరేటర్లు కలిసి పోవాలి. ఒకరు మేస్త్రీ కోసం రాసిన వేరే ఫారంతో, గుంపులో ఎందరు, బండి కిరాయి ఎంత, ఇంతకుముందు ఏ ఊరు అని అతన్ని అరగంట కూర్చోబెట్టి అడగాలి. ఆ అరగంటలో రెండోవారు కుటుంబంతో మాట్లాడాలి. మధ్యాహ్నం అన్నాల వేళ ఇరవై నిమిషాలకు మించి దొరకదు. సాయంత్రం కాయ తూకాలు అయ్యాక, పొయ్యి రాజేసుకునే వేళ మేలు. ఫారం రెండుగా విడగొట్టి, తప్పనిసరి ప్రశ్నలు ముందు పెట్టుకోవాలి.

సంపాదన ఒక్క ప్రశ్నలో అడిగితే వచ్చే అంకె ఎందుకూ పనికిరాదు. "సుగ్గిలో ఎంతొచ్చింది?" అంటే ఒకరు అడ్వాన్సు కలిపి చెబుతారు, ఒకరు తీసేసి చెబుతారు, ఒకరు ఇంటికి తెచ్చిన ఎండుమిరపకాయల విలువ కూడా వేస్తారు. అడ్వాన్సు ఎంత, వారం ఖర్చులకు ఎంత ఇచ్చారు, కూలి రోజుకా కిలోకా, ఎన్ని రోజులు పని దొరకలేదు, చివర లెక్క చూసినప్పుడు చేతికి ఎంత వచ్చింది, ఎంత మంది చేతుల మీద వచ్చింది అని విడగొట్టి అడగాలి. ఆ చివరి ముక్క మరవకూడదు. మొగుడూ పెళ్లాం, పద్నాలుగేళ్ల కూతురు ముగ్గురూ కోస్తే వచ్చిన కూలి తండ్రి పేరు మీద రాస్తే ఇద్దరి పని మాయమవుతుంది.

కర్నూలు, అనంతపురం పట్టణాల్లో కూలీల అడ్డాల దగ్గర ఇంకో పద్ధతి. ఇంటి జాబితా లేనివాళ్లను స్థలం, సమయం పట్టుకుని అందుకోవాలి. ముందు వారం పాటు తిరిగి ఏ అడ్డా, ఏ రోజు, ఏ గంటకు నిండుతుందో రాసుకోవాలి. అడ్డా, రోజు, రెండు గంటల సమయం కలిపితే ఒక ముక్క. ఆ ముక్కల్లోంచి లాటరీ తీయాలి. ఎంచుకున్న ముక్కలో వచ్చినవాళ్లందరినీ ఒకరు లెక్కపెడుతుంటే, ఇంకొకరు ప్రతి ఐదో మనిషినో పదో మనిషినో పలకరించాలి. నవ్వుతూ ఎదురొచ్చినవాణ్ని ఎంచుకోకూడదు. వారంలో ఎన్ని రోజులు అడ్డాకు వస్తారన్న ప్రశ్న లేకపోతే ఈ డేటా మొత్తం పనికిరాదు. వారానికి ఆరు రోజులు వచ్చే మనిషి మనకు దొరికే అవకాశం ఒక్కరోజు వచ్చేవాడికన్నా ఆరింతలు, ఆ మేరకు అతని వెయిటు ఆరో వంతు కావాలి. ముసలివాళ్లు, ఆడవాళ్లు, జబ్బు పడి లేచినవాళ్లు తక్కువ రోజులు వస్తారు. వెయిటు వేయకపోతే అడ్డా మీద అందరూ బలిష్ఠులే అన్నట్టు కనిపిస్తుంది.

గూడేలు, కువైట్, మూసిన తలుపులు

చెంచు గూడేల్లో శాంపిల్ అవసరమే ఉండదు. బైర్లూటి, నాగలూటి, పెచ్చెర్వు లాంటివి చిన్న ఆవాసాలు, ఎంచుకున్న గూడెంలో ప్రతి ఇంటికీ పోవచ్చు. అక్కడ తలుపు దొరకడం సమస్య కాదు, జవాబులో నిజం దొరకడం సమస్య. 1970ల నుంచి ప్రత్యేక వర్గంగా గుర్తింపు, శ్రీశైలం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ), బాగా వెనకబడిన గిరిజన తెగల కోసం 2023 నవంబరులో మొదలైన కేంద్ర పథకం పీఎం జన్‌మన్, ఒక్కోదానికి ఒక్కో సర్వే. వచ్చేవాళ్లంతా ఇల్లుందా, కార్డుందా, కరెంటుందా అని "ఉందా లేదా" ప్రశ్నలే అడిగి ఉంటారు. పెద్దమనిషి అడుగుతున్నాడు, కాదంటే బాగుండదని తలూపేస్తారు. అందుకే ఔను కాదు ప్రశ్నలు మానేయాలి. "నీళ్లు సరిపోతున్నాయా?" అనడం కన్నా "నిన్న నీళ్లు ఎవరు తెచ్చినారు, యాడినుంచి, ఎన్ని బిందెలు?" అనడం మేలు. ఒకే సంగతిని ఫారంలో రెండు చోట్ల తిరగేసి అడగాలి, రెండింటికీ ఔనని వస్తే ఆ భాగాన్ని అనుమానించాలి. దూరాలను కిలోమీటర్లలో అడగకుండా, పొద్దున బయల్దేరితే ఎప్పటికి చేరతారని అడగాలి. మగవాళ్లు తేనెకు అడవిలోకి పోయే రోజుల్లో పోకూడదు. పులుల అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ అనుమతి ముందే చేతిలో ఉండాలి. అయితే అటవీ సిబ్బందిని వెంట పెట్టుకుని పోయి అడవి వాడకం గురించి అడిగితే మౌనమే జవాబు.

రాయచోటి, రాజంపేట, కడప వైపు ఇబ్బంది వేరు. ఇంటి మనిషి కువైట్‌లో ఉంటుంది, ఆమె గురించి జవాబు చెప్పేది భర్తో అత్తో. జీతం గురించి వాళ్లు చెప్పగలిగింది ఇంటికి వచ్చిన డబ్బు మాత్రమే. పని గంటలు, కొట్టడం, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది అన్నవి వాళ్లకు తెలియవు, తెలిసినా చెప్పరు. ఎవరి నోటినుంచి వచ్చిన జవాబో ప్రతి భాగానికీ కోడ్ ఉండాలి. వయసు విషయంలో మరీ జాగ్రత్త. పదో తరగతి చదవక, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి దేశం విడిచి పోవడానికి ప్రభుత్వ అనుమతి) అవసరమైన పాస్‌పోర్టుతో పోయే ఆడవాళ్లకు ముప్పై ఏళ్లు నిండాలన్న నిబంధన ఉంది. కాబట్టి పాస్‌పోర్టులో వయసును అసలు వయసుగా తీసుకోకూడదు. పెద్దబిడ్డ వయసు, పెళ్లయిన ఏడు అడిగి సరిచూసుకోవాలి. ఆమెతోనే ఫోన్లో మాట్లాడగలిగితే మంచిది. కువైట్ మనకు రెండున్నర గంటలు వెనక, అక్కడ శుక్రవారం సెలవు. ఇంటిపని చేసేవాళ్లకు రాత్రి పనులు ముగిశాకే ఫోన్ చేతికొస్తుంది, అంటే మనకు అర్ధరాత్రి దాటుతుంది. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే కావాలి: "అమ్మా, ఇప్పుడు పక్కన ఎవరైనా ఉండారా?" ఉంటే మాట మార్చి, ఊరి సంగతులు చెప్పి పెట్టేయాలి. ఆమె క్షేమం కన్నా మన ఫారం ఎక్కువ కాదు.

ఇక పేరు చెప్పుకోలేని బతుకులు. సెక్స్ వర్క్‌లో ఉన్న ఆడవాళ్లు, హిజ్రాలు, దేవుడికి అంకితమిచ్చి బసివినులుగా విడిచిపెట్టబడినవాళ్లు. దేవదాసీ అంకితాన్ని 1988 చట్టం నేరం చేసింది. ఇంటి గడపలో నిలబడి, పదిమంది వింటుండగా "మీ ఇంట్లో బసివిని ఉందా?" అని అడిగితే జవాబు రాదు సరికదా, ఆమెకు ఊళ్లో హాని. ఇక్కడ ఇంటింటి సర్వే పనికిరాదు. వాళ్ల పరిచయాల దారిలోనే పోవాలి. సామాజిక శాస్త్రవేత్త డగ్లస్ హెకథార్న్ 1997లో రూపొందించిన పద్ధతిలో, ఆదోని, ఎమ్మిగనూరు, కర్నూలు ఇలా వేర్వేరు చోట్ల నుంచి, వేర్వేరు వయసుల్లో ఆరు నుంచి పది మందితో మొదలుపెడతారు. ఒక్కొక్కరికీ నంబరున్న మూడు కూపన్లు. వాళ్లు తెలిసినవాళ్లకు ఇస్తారు, వచ్చినవాళ్లకు మళ్లీ మూడు. పేరు అక్కర్లేదు, కూపన్ నంబరు చాలు.

ఇది చెడిపోయే దారులు కొన్ని ఉన్నాయి. ఇచ్చే డబ్బు రోజు కూలిని మించితే కూపన్లు అమ్ముడుపోతాయి, ఆ పనిలో లేనివాళ్లు కూడా వస్తారు. మరీ తక్కువైతే బస్సు ఛార్జీలకు చాలక గొలుసు తెగిపోతుంది. అందరినీ ఒకే ఎన్జీఓ ఆఫీసుకు రమ్మంటే ఆ సంస్థ అందుకున్నవాళ్లే తిరిగి తిరిగి వస్తారు. అన్నిటికన్నా కీలకం పరిచయాల సంఖ్య. "ఎంతమంది తెలుసు?" అంటే పది, ఇరవై, యాభై, వంద అని గుండ్రటి అంకెలు వస్తాయి. "నీకు వాళ్ల పేరు తెలిసి, వాళ్లకు నీ పేరు తెలిసి, ఈ జిల్లాలో ఉంటూ, పోయిన నెలలో నువ్వు చూసినవాళ్లు" అని మెట్టుమెట్టుగా తగ్గించుకుంటూ రావాలి. నలభై మంది తెలిసినామె ఐదుగురు తెలిసినామెకన్నా ఎనిమిదింతలు సులువుగా శాంపిల్‌లోకి వస్తుంది, వెయిటు అందుకు తలకిందులుగా పడుతుంది. ఈ ఒక్క అంకె తప్పితే చివరి శాతాలన్నీ తప్పుతాయి. మామూలు శాంపిల్‌కు రెండింతలైనా మనుషులు కావాలి, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. హెచ్‌ఐవీ సంగతులు అడుగుతుంటే 2017 చట్టం ప్రకారం గోప్యత కాపాడాల్సిందే, ఫోన్ నంబర్లు, జవాబులు ఒకే ఫైలులో ఉండకూడదు.

మొత్తం ఎంతమంది ఉంటారన్నది తేల్చడానికి రెండు జాబితాలను పోల్చే దారి ఉంది. మొదటి వారం 120 మందిని కలిసి గుర్తుగా ఒక చేతిరుమాలు ఇచ్చారు, రెండో వారం వేరే బృందం 100 మందిని కలిసింది, అందులో 30 మంది రుమాలు అందుకున్నవాళ్లే అనుకుందాం. 121ని 101తో హెచ్చవేసి 31తో భాగించి ఒకటి తీసేస్తే 393. రెండు వారాలూ ఒకే బృందం, ఒకే చోట్ల తిరిగితే పాతవాళ్లే ఎక్కువ కలుస్తారు, అంచనా అసలుకన్నా తగ్గిపోతుంది.

వేపచెట్టు కింద నిండిన ఫారాలు

దొరికిన మనుషుల దగ్గరా డేటా చెడుతుంది, దాన్ని పట్టుకునే మార్గాలు ఇప్పుడు బాగానే ఉన్నాయి. ముప్పై ఐదు నిమిషాల ఫారం పన్నెండు నిమిషాల్లో ముగిసిందా, ఎనిమిది ఇళ్ల జీపీఎస్ గుర్తులు పది మీటర్ల లోపే ఉన్నాయా చూస్తే, వేపచెట్టు కింద కూర్చుని నింపినవి బయటపడతాయి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లకు పెద్ద భాగం ఉన్న సర్వేల్లో ఇంకోటి జరుగుతుంది. పని తగ్గించుకోవడానికి పదిహేనేళ్ల పిల్లను పద్నాలుగుకు దించుతారు, నలభై ఎనిమిదేళ్లామెను యాభైకి ఎక్కిస్తారు. ఒక్కో ఎన్యూమరేటర్ ఫారాల్లో 14, 15 వయసులవాళ్లెందరు, 49, 50 వయసులవాళ్లెందరు అని వారానికోసారి పోల్చాలి.

వయసు ఉజ్జాయింపుగా చెప్పడం వల్ల సున్నా, ఐదుతో ముగిసే అంకెలే గుట్టపడటాన్ని విపుల్ (Whipple) సూచికతో కొలుస్తారు. 23 నుంచి 62 ఏళ్ల వాళ్లలో వయసు చివర 0 లేదా 5 ఉన్నవాళ్ల సంఖ్యను ఐదుతో హెచ్చవేసి, ఆ వయసుల మొత్తంతో భాగించి, వందతో గుణించాలి. 100 వస్తే గుట్టపడలేదు, 500 వస్తే అందరూ గుండ్రటి అంకెలే. దీన్ని జిల్లా మొత్తానికి తీస్తే లాభం లేదు, ఎన్యూమరేటర్ వారీగా తీయాలి. తగ్గించే మందు స్థానిక ఘటనల పట్టిక. కర్నూలు, మంత్రాలయం మునిగిన 2009 అక్టోబరు వరద, తుంగభద్ర పుష్కరాలు 2008లోనూ 2020లోనూ, పెద్ద నోట్ల రద్దు 2016 నవంబరు, అన్నమయ్య ప్రాజెక్టు తెగిన 2021 నవంబరు. "వరదప్పుడు బిడ్డ నడుస్తాండెనా, చంకలో ఉండెనా?" అన్న ప్రశ్న ఆధార్ కార్డు కన్నా దగ్గరి వయసు చెప్పిస్తుంది. ఆధార్‌లో జనవరి 1 పుట్టినరోజులు ఎన్నున్నాయో లెక్కపెట్టినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

భాష దగ్గర రాజీ పడకూడదు. ఆదోని, రాయదుర్గం, మడకశిర వైపు కన్నడం, కడప, కర్నూలు పట్టణాల్లో ఉర్దూ, తాండాల్లో లంబాడీ. మగవాళ్లకు తెలుగు వస్తుంది కదా అని ఆడవాళ్ల జవాబులు వాళ్ల నోటితో తీసుకుంటే ఆ డేటా మగవాళ్లదే. ఎన్యూమరేటర్ ఆ భాష మనిషై ఉండాలి, ఆ ఊరి మనిషై ఉండకూడదు. పక్క మండలం వాళ్లయితే సరిపోతుంది. సచివాలయం సిబ్బందితోనో అంగన్‌వాడీ టీచరుతోనో సర్వే చేయిస్తే ఖర్చు తగ్గుతుంది గానీ, భూమి, కరెంటు, బండి గురించి అడిగిన ప్రతిదీ పథకం పోతుందేమోనన్న భయంలోంచి వడకట్టి వస్తుంది.

బ్యాక్‌చెక్‌కు, అంటే వేరే మనిషి మళ్లీ పోయి సరిచూడటానికి, పది శాతం ఇళ్లు చాలు. అడిగేవి మాత్రం మారని సంగతులై ఉండాలి: ఇంట్లో ఎందరు, పెద్దబిడ్డ వయసు, ఇంటి కప్పు దేనిది, అసలు ఎవరైనా వచ్చి అడిగారా, ఎంతసేపు కూర్చున్నారు. తాళం అని కోడ్ వేసిన ఇళ్లలోనూ పది శాతానికి బ్యాక్‌చెక్ పెట్టాలి. దీన్ని దాదాపు ఎవరూ చేయరు.

వీటన్నిటి వెనకా జీతం ఉంది. ఫారానికి ఇంత అని డబ్బిస్తే, తాళం వేసిన ఇంటికి మూడుసార్లు తిరిగినవాడికి సున్నా, పక్కిల్లు నింపినవాడికి పూర్తి కూలి. ఏ మనిషినైనా ఈ పద్ధతి తప్పు వైపే నెడుతుంది, పట్టుకుని తిట్టడంలో న్యాయం లేదు. రోజు కూలి ఇవ్వాలి, రోజుకు నాలుగైదు ఫారాలకు మించి లక్ష్యం పెట్టకూడదు, తాళం ఇంటికి పోయిన ప్రతి ప్రయత్నాన్ని చేసిన పనిగా లెక్కించాలి. ఫీల్డ్ బడ్జెట్‌లో పావు వంతు చివర దొరకాల్సిన ఇళ్ల కోసం మొదటే పక్కన పెట్టాలి. మొదట్లో పెట్టకపోతే చివర్లో మిగలదు.

నివేదికలో దొరకనివాళ్లను చూపించడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. మన ఉదాహరణలోనే 700 ఇళ్లు కలిశాయి, అందులో 70 ఇళ్లలో బడి మానిన పిల్లలున్నారు. కలవని 300 ఇళ్లలో ఒక్కరూ లేకపోతే జవాబు 7 శాతం, అన్నింట్లో ఉంటే 37 శాతం. ఏ ఊహా లేకుండా చెప్పగలిగింది అంతే, 7 నుంచి 37. ఈ వెడల్పు చూసి సిగ్గుపడి దాచేస్తున్నారు. లాటరీ తీసిన 60 ఇళ్లను వెదికితే అది ఇరుకవుతుంది, ఎంత ఇరుకైందో కూడా చెప్పవచ్చు. మొదటి పేజీలోనే ఒక పట్టిక ఉండాలి: ఎన్ని ఇళ్లు ఎంచుకున్నాం, ఎన్ని కలిశాం, సుగ్గికి పోయినవెన్ని, పాడుబడినవెన్ని, వద్దన్నవెన్ని, మండలాల వారీగా.

సర్వేలకు డబ్బిచ్చే శాఖలూ సంస్థలూ ఒప్పందంలో ఈ పట్టికను అడగాలి. పడమటి మండలాల్లో ఫిబ్రవరిలో నూటికి నూరు ఇళ్లు పూర్తయ్యాయని నివేదిక వస్తే, బిల్లు పాస్ చేసే ముందు బదులు తీసుకున్న ఇళ్ల జాబితా, ఒక్కో ఇంటికి పోయిన సమయాలు తెప్పించుకుని చూడండి.